నాలుగో సెల్లు

ఏసోబు నాలుగో సెల్లుకు బల్బు తగిలించి, టీ గ్లాసుతో దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రెండు తీగలకు అతికించిన టార్చిలైటు బల్బు అది. టీ తాగడం అయ్యేదాకా వెలగాలి. వెలిగింది. వెలుగుతున్నంత సేపూ అతను కన్ను పక్కకు తిప్పలేదు. టీ అయ్యాక తీగలు తీసేసి, వోల్టుల మీటరు పెట్టి, వచ్చిన అంకె కాగితం మీద రాసుకున్నాడు. 3.16. నిన్న 3.18 ఉంది. మిగతా మూడు సెల్లులూ 3.32 దగ్గర రాయిలా నిలబడి ఉన్నాయి.

"దొంగ," అన్నాడు గట్టిగానే. సెల్లునన్నాడో, దాన్ని పంపిన అల్లుణ్నన్నాడో అతనికే తెలియాలి.

నాలుగూ ఒకే రకం సెల్లులు. నీలంరంగు గొట్టాలు, జానెడు కంటే కొంచెం తక్కువ పొడవు, రెండు కొసలకూ బోల్టులు. రాగి పలకల ముక్కలతో నాలుగింటినీ వరసగా కలిపితే బండికి సరిపడే బ్యాటరీ అవుతుంది. అల్లుడు బెంజమిన్ అచ్చంపేటలో కరెంటు స్కూటర్లు బాగుచేస్తాడు. ఏదో బండి పడి విరిగితే దాని బ్యాటరీ విప్పి, బాగున్న సెల్లులు నాలుగు ఏరి, బస్సులో పార్సిలు పంపాడు. ఏసోబు మోటార్‌సైకిలులో ఉన్న పాత సీసం బ్యాటరీ సంక్రాంతికే చచ్చిపోయింది. కిక్కు కొడదామంటే కుడి మోకాలు అరిగిపోయింది. బటన్ నొక్కితే లేచే బండి కావాలి. అందుకని ఈ నాలుగు సెల్లులు. అందులో ఒకదానికి నీలం పొర గీసుకుపోయి ఉంది, దాని మీద బెంజమిన్ నల్లటేపు చుట్టాడు. ఆ టేపు కనబడ్డ క్షణం నుంచి ఏసోబు మనసు దాని మీదే ఉంది.

అసలు వాటి తేలికదనమే అతనికి నచ్చలేదు. మోత్కూర్ బ్యాటరీ దుకాణంలో ముప్పై ఏళ్లుగా చేస్తున్నాడు. అక్కడ బ్యాటరీ మంచీచెడ్డా చెయ్యే చెబుతుంది. ఎత్తిచూస్తే బరువుంటే సీసం నిండుగా ఉన్నట్టు. లారీ బ్యాటరీలు ఎత్తీ ఎత్తీ నడుము పడిపోయింది, యాసిడ్ చిందీ చిందీ ఏ చొక్కా కూడా చిల్లుల్లేకుండా మిగల్లేదు. అలాంటివాడి చేతిలో ఈ నాలుగూ కలిపి కిలోంబావు తూగితే ఎట్లా నమ్మడం?

నమ్మడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. పాలప్యాకెట్టు ఊపి చూస్తాడు. దవాఖానలో ఇచ్చిన గోలీలు లెక్కబెడతాడు. తాళం వేసి, గుంజి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ గుంజుతాడు. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే ఒక కన్ను తెరిచే ఉంచుతాడని ఊళ్లో నవ్వుకుంటారు. ఎవరు నవ్వినా అతనికి పట్టింపు లేదు. అతని నాయిన ఒకసారి మనిషిని నమ్మి, చదవకుండా కాగితం మీద వేలుముద్ర వేసి, వాళ్లకున్న అర్ధెకరం పోగొట్టాడు. ఆ వేలుముద్ర తర్వాత పుట్టినవాడు ఏసోబు.

భార్య ఈదమ్మ లోపల సంచి సర్దుతోంది. ఇవాళ మూడింటి బస్సుకు ఆమె కూతురి దగ్గరికి వెళ్తోంది. మల్లికకు తొలికాన్పు. నెల కూడా లేదు. తొలికాన్పు పుట్టింట్లో కావాలి, అది ఎవరి ఇంట్లోనైనా అంతే. కానీ మల్లిక రానంది. ఎందుకు రానందో ఏసోబు కూతుర్ని అడగలేదు. బెంజమిన్ రానివ్వడం లేదని తనకు తానే తేల్చేసుకున్నాడు.

"ఎన్నొద్దులు ఉంటవ్?" అన్నాడు, ఇది నాలుగోసారి.

"కాన్పు అయ్యేదాక."

"అయినంక?"

"అయినంక సూద్దాం." ఈదమ్మ సంచి జిప్పు లాగింది. "బడికి పోయొస్త. పిల్లలకు వండిపెట్టి రెండింటికల్ల వస్త. నీ బండి లేస్తదా మల్ల?"

"లేస్తది. నేనే దించుత బస్టాండుల."

దించాలనే అతని పట్టుదల. ఏ బస్సు ఎక్కిందో, పక్కన ఎవరు కూర్చున్నారో తన కళ్లతో చూడాలి. అయినంక సూద్దాం అన్న మాట పొద్దున్నుంచి అతన్ని గుచ్చుతూనే ఉంది. వెళ్లి రాకపోతే? ముప్పై ఏళ్లలో ఈదమ్మ ఒక్కపూట కూడా చెప్పకుండా ఎక్కడికీ పోలేదు. అయినా ఆ భయం అతన్ని విడిచిపెట్టలేదు. దుకాణానికి బయల్దేరే ముందు నాలుగో సెల్లుకు మరోసారి బల్బు పెట్టి చూశాడు. మిగతా మూడింటికి అక్కర్లేదు, వాటి మీద అనుమానం లేదు.

పదింటికి దుకాణంలో ట్రాక్టరు బ్యాటరీ దించి, చేతులు తుడుచుకుని ఫోను తీశాడు.

ఊళ్లో బడి వెనక వంటషెడ్డు రేకుల కింద ఈదమ్మ ఫోను మోగింది. తోడు వండే పుష్ప పప్పు గిన్నె దింపుతూ నవ్వింది. "ఈదమ్మా, నీ మీటరు మోగుతాంది."

"ఏడున్నవ్?" అన్నాడు ఏసోబు.

"పొయ్యికాడ."

అతను ఇంకో నాలుగు క్షణాలు ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు వినిపించాక పెట్టేశాడు. పన్నెండింటికి మళ్లీ చేశాడు. రోజూ చేసేదే. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి. మొదట్లో ఈదమ్మ ఏం వండుతున్నదో, పిల్లలు ఎంతమంది వచ్చారో చెప్పేది. ఇప్పుడు పొయ్యికాడ అని మాత్రం అంటుంది.

యజమాని నాగరాజుకు చెప్పి ఒంటిగంటకే ఇంటికొచ్చాడు. వచ్చీరాగానే నల్లటేపు సెల్లుకు బల్బు పెట్టాడు. బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగింది. పళ్లు నూరుకుంటూ నాలుగు సెల్లులూ పలకలతో కలిపి, బోల్టులు బిగించి, ప్లాస్టిక్ డబ్బాలో కూర్చి, మోటార్‌సైకిలు సీటు కింద పెట్టాడు. పాత బ్యాటరీ ఉండే చోట సగం జాగా మిగిలిపోయింది. అక్కడ పాత చెప్పు కోసి ఆ ముక్క కూరాడు, కదలకుండా.

రెండున్నరకు ఈదమ్మ చీర మార్చుకుని సంచితో బయటికొచ్చింది. ఏసోబు తాళంచెవి తిప్పాడు. దీపం వెలిగింది. బటన్ నొక్కాడు. బండి ఒకసారి మూలిగింది. రెండోసారి సగం మూలిగి ఆగింది. మూడోసారి టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. దీపం కూడా ఆరిపోయింది.

"సూసినవా!" అన్నాడు. అతని గొంతులో కోపం కన్నా గెలిచిన సంతోషమే ఎక్కువగా ఉంది. "నేను ముందే అన్న."

డబ్బా విప్పి, నల్లటేపు సెల్లును ఊడదీసి, మీటరు పెట్టాడు. 2.4. ఆ అంకె ఈదమ్మకు చూపించి, బెంజమిన్‌కు ఫోను చేశాడు. ఆమె కూడా వినాలని స్పీకరు పెట్టాడు.

"ఏమయ్యా, నాలుగోది సచ్చిన సెల్లు పంపినవ్. మామకు ఎర్కలేదనుకున్నవా?"

"సచ్చినదా?" బెంజమిన్ గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది. "నాలుగూ ఒక్క బండివే మామా. ఒక్కతీరుగ నింపి పంపిన. దానికి టేపు ఒక్కటే, లోపల మంచిగుంది. దాన్ని దేనికన్న పెట్టినవా?"

"దేనికి పెడ్త? పాణముందో లేదో సూసిన. చిన్న బల్బుతోని."

"ఎన్నిసార్లు?"

ఏసోబు కింద పడి ఉన్న బల్బు తీగల వైపు చూశాడు. దుకాణంలో లారీ బ్యాటరీలకు హెడ్‌లైటు బల్బే పెట్టి చూస్తారు. దానికి వాటికేమీ కాదు, పైగా చూడగానే మళ్లీ చార్జింగుకు పెట్టేస్తారు. ఇంత చిన్న బల్బును అతను లెక్కలోకే తీసుకోలేదు. దీన్ని చార్జింగుకు పెట్టనూ లేదు. అవతల బెంజమిన్ ఎదురుచూస్తున్నాడు. సమాధానం ఈదమ్మ చెప్పింది, ఫోనుకు కాదు, ఏసోబుకు.

"పదిహేనొద్దుల సంది సూస్తున్న. ఆ మూడింటి జోలికి పోవు. గీ ఒక్కదాన్నే లేవంగనే ఒకపారి, పొయ్యేటప్పుడు ఒకపారి, వచ్చినంక ఒకపారి గుంజుతవ్. పాణముందా, పాణముందా అని సూసుడే గని, పాణం పోసింది లేదు. ఎంత మంచిదైతే మాత్రం ఎన్నొద్దులు ఆగుతది?"

బెంజమిన్ మెల్లిగా "మళ్ల చేస్త మామా" అని ఫోను పెట్టేశాడు.

"నేను మనిషిని గనుక ముప్పయ్యేండ్లు ఆగిన," అంది ఈదమ్మ. గొంతు పెంచలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది. "పిల్ల కాన్పుకు ఎందుకు రానన్నదో అల్లుణ్ణి అనుమానించినవ్. పిల్లనే అడగరాదా? బాపు పొద్దుకు పదిసార్లు ఏడికి పోయినవ్, ఎందుకు పోయినవ్ అంటడు, నాకు ఊపిరాడదే అమ్మా అన్నది. నీకు చెప్తే బాధపడ్తవని చెప్పలే."

ఏసోబు చేతిలో సెల్లు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, చివరికి ఆ నల్లటేపు వైపు చూశాడు.

ఈదమ్మ అతని చేతిలోంచి సెల్లు తీసుకుంది. కింద పడి ఉన్న బల్బు తీగలు కూడా ఏరుకుంది. "లోపల పెడ్త. నింపినంక కొన్నొద్దులు దాన్ని ముట్టకు. ఇడిసిపెడితే అదే నిలవడ్తది." అని లోపలికి వెళ్లింది. బయటికి రావడానికి కొంచెం ఎక్కువ సేపే పట్టింది. సెల్లు పెట్టి రావడానికి అంత సేపెందుకని అతను గుమ్మం వైపు మెడ చాచాడు.

బస్టాండుకు మనుషుల్ని ఎక్కించుకుపోయే సోమన్న ఆటో వీధిలో హారన్ కొట్టింది. ఈదమ్మ సంచి భుజానికేసుకుంది.

"నేను గూడ వస్త బస్టాండు దాక," అన్నాడు ఏసోబు.

"వద్దు. మోకాలు నొస్తది." ఆటోలో కూర్చుని కొంగు సర్దుకుంది. "పప్పు ఉంది. గిన్నె మీద మూతుంది. జర తిను."

"వస్తవు గద?"

ఈదమ్మ అతని ముఖంలోకి చూసింది. "ఇడిసిపెట్టు," అంది. ఆటో కదిలింది. మలుపు తిరిగేదాకా ఏసోబు చూశాడు. పక్కన ఇద్దరు ఆడవాళ్లు, వెనక ఒక మేకపిల్ల. తెలిసినవాళ్లే.

ఇంట్లోకి రాగానే ముందు పెట్టె తీసి చూశాడు. ఇంటి పట్టా ఉంది. పెళ్లినాటి నారాయణపేట చీర ఉంది. బైబిలు లేదు. తీసుకుపోయింది. బైబిలు తీసుకుపోయిందంటే కాన్పు అయ్యేదాకా ఉండి వచ్చేయడానికి పోలేదు. చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయింది. బస్టాండు చేరి ఉంటుందిగదా, ఒక్క మాట, ఏడున్నవ్ అని. అంతే.

ఈదమ్మ పేరు నొక్కి చెవికి ఆనించుకున్నాడు. చెవిలో ఒకసారి మోగింది. లోపలి గదిలో కూడా మోగింది.

అతను ఫోను చెవినుంచి తీయకుండానే గదిలోకి నడిచాడు. గోడలో గూడు ఉంది. గూట్లో నల్లటేపు సెల్లు నిలబెట్టి ఉంది. బల్బు తీగలు చుట్టచుట్టి, రబ్బరుబ్యాండు వేసి దాని పక్కన పెట్టి ఉన్నాయి. మరిచిపోతే ఇట్లా పెట్టరు. మరిచిపోయిన వస్తువుకు ఇంత కుదురు ఉండదు. ఆ మాత్రం ఏసోబుకు తెలుసు.

బెంజమిన్‌కు చేయవచ్చు. ఆమె అక్కడికి చేరాక పిలిపించి మాట్లాడవచ్చు. వేలు ఆ పేరు దాకా పోయి ఆగింది. తన ఫోను జేబులో వేసుకుని, దిగులుగా స్టూలు మీద కూలబడ్డాడు. మొదటిసారి దేన్నీ పరీక్షించకుండా ఊరికే కూర్చున్నాడు.

గూట్లో నాలుగో సెల్లుకు ఆనించి ఈదమ్మ ఫోను నిలబడి ఉంది, కూతురు ఎప్పుడో ఎక్కించిన 'బాపు' అన్న పేరు దాని మీద ఇంకా కాసేపు వెలిగి ఆరిపోయింది.