వీలుంటే ఓసారి

జనవరి పధ్నాలుగున చిజురు మధ్యాహ్నం తిన్నది ముందు రోజు పులుసులో మిగిలిన రెండు ముల్లంగి ముక్కలు. ఆఫీసు వంటగది గట్టు దగ్గర నిలబడి, వేడి చేసుకోకుండానే తింది. రెండో ముక్క నోట్లో ఉండగా ఫోను మోగింది. ఇకెయుచి గారు. ఒంటరిగా ఉండే ఎనభై దాటిన పెద్దావిడ.

"మీకు శ్రమ ఇస్తున్నాను, ఏమనుకోకండి. ఇవాళ డబ్బాలో సోబా నూడుల్స్ వచ్చినట్టున్నాయి. వాసన తెలిసి మూత మళ్లీ పెట్టేశాను. మీకు వీలున్నప్పుడు ఎవరైనా వచ్చి తీసుకెళితే చాలు."

ఆ నూడుల్స్ చేసే సోబా గింజల పిండి ఆమెకు పడదు. ఒకసారి ఒక్క ముద్దకే ఊపిరాడక ఆసుపత్రి పాలైంది. ఆ మాట ఎత్తనే లేదు. ప్రాణం మీదికి వచ్చిన మనిషి తనకు క్షమాపణ చెబుతుంటే, చిజురు నోట్లో ముక్కను మింగలేక, ఉమ్మలేక నిలబడిపోయింది.

జపాన్‌లోని తొయామాలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు భోజనం డబ్బాలు పంపే కంపెనీ అది. ఆకులు రాలే రోజుల నుంచి వంటకాల మార్పులన్నీ ఏఐ ఏజెంట్ చూస్తోంది. ఆఫీసులో దాన్ని కొత్త ఉద్యోగి అంటారు. "సెలవు అడగడు, విసుక్కోడు, అచ్చం మన చిజురు గారే" అని మేనేజరు ఓనుమా అందరినీ నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. సాఫ్ట్‌వేర్‌లోని ఒక్కో పనిముట్టును దాని చేతికిస్తూ వివరణ రాయాలి. ఇది ఏం చేస్తుంది, ఎప్పుడు వాడాలి, వాడే ముందు ఏం చూసుకోవాలి. రాసిందే దానికి తెలుస్తుంది. ఆ పని, అప్పటికే చేస్తున్న ఫోన్ల పని ఏమీ తగ్గకుండానే, చిజురు మీద పడింది. "మీ మాట మెత్తగా ఉంటుంది కదా" అన్నాడు ఓనుమా.

పధ్నాలుగున మంచు వల్ల చేపల లారీ రాలేదు. ఏజెంట్ చేపకు బదులు అన్ని డబ్బాల్లోకీ సోబా మార్చింది. మర్నాడు సమావేశంలో ఓనుమా ఆ పనిముట్టు వివరణ పైకి చదివాడు. "ఇబ్బంది లేకపోతే, వంటకం మార్చే ముందు ఎవరికి ఏది పడదో వీలుంటే ఓసారి చూసుకుంటే సంతోషం." ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో ఎవరికి ఈ మాట చెప్పినా తప్పకుండా చూడాలనే అర్థం చేసుకుంటారు. చిన్నప్పటి నుంచి అందరూ అలా వింటూ పెరిగినవాళ్లే. "దాని తప్పు కాదండీ," అన్నాడు సాంకేతిక పనులు చూసే సుగయా. "సంతోషం అన్నారు. తప్పనిసరి అనలేదు." చిజురు చెవులు కాలిపోయాయి. శుక్రవారం లోగా అన్నీ తిరగరాయమన్నారు. ఇంకొక పొరపాటు జరిగితే ఆ పని వేరేవాళ్లకు ఇవ్వాల్సి వస్తుందన్నాడు ఓనుమా, అదీ ఎంతో మర్యాదగా.

ఆమెను ఎక్కువ కాల్చింది అది కాదు. మొదట తాను "చూడాలి" అనే రాసింది. మెత్తగా మార్చమని ఎవరూ చెప్పలేదు. రాసిన వాక్యం చూసి, ఎవరి ఇంట్లోనో గట్టిగా మాట్లాడినట్టు భయపడి, తనే చెరిపేసింది. పెళ్లైన కొత్తలో ఒకసారి "పులుసులో ఉప్పు తగ్గించండి, డాక్టరు చెప్పారు" అంది. అత్తగారు తొమియె చుట్టాల ముందు నవ్వుతూ, "చూశారా, కోడలు కాదు, మాకు పై అధికారి వచ్చింది" అంది. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి చిజురు ప్రతి మాటనూ గుడ్డలో చుట్టి ఇవ్వడం నేర్చుకుంది. ఇప్పుడు అత్తగారు ఒంటరిగా స్నానం చేయలేకపోతోంది. ఆమెను తొట్టిలోంచి లేపినప్పుడల్లా చిజురు నడుము పట్టేస్తుంది. "మీకు వీలుంటే శనివారం అత్తయ్య స్నానం..." అని భర్త కునిహికోతో ఎన్నిసార్లు అందో. ఆయనకు వీలు కాదు. ఒకసారి నడుము పట్టి చిజురు లేవలేకపోయినప్పుడు, "అంత కష్టమైతే చెప్పాల్సింది, చేసేవాణ్ణిగా" అన్నాడు, నొచ్చుకున్నట్టు. ఆ రోజు కూడా తనే సిగ్గుపడింది, సరిగ్గా అడగనందుకు.

శుక్రవారం ఆఫీసులో కూర్చుని ఆమె రాసింది: వంటకం మార్చే ముందు ప్రతి ఒక్కరికీ ఏది పడదో చూడాలి. చూడకుండా మార్చకూడదు. వివరం దొరకకపోతే ఆగి, మనిషిని అడగాలి. రాసి చాలాసేపు చూసింది. ఎవరికీ కోపం తెప్పించే మాటలు కావవి. ఆ పొడి వాక్యాల్లో ఇకెయుచి గారి ఊపిరి ఉంది. అప్పుడు తోచింది ఆమెకు. పాపం, ఏజెంట్‌కు నిజంగానే తెలియదు. రాయనిది దానికెలా తెలుస్తుంది? కునిహికో అలా కాదు. యాభై ఏళ్లుగా ఈ మాటల మధ్యే బతుకుతున్నాడు. తన ఆఫీసులో పై అధికారి "వీలుంటే" అంటే పరుగెత్తి చేస్తాడు. ఆ మాటకు అర్థం ఆయనకు తెలుసు. ఇన్నాళ్లూ తెలుసు.

ఆ రాత్రి భోజనమయ్యాక కునిహికో ముందు టీ పెట్టింది. పక్క గదిలో అత్తగారు పడుకుంది. పిలిస్తే కోడలికి వినపడాలని ఆ గది జరుపు తలుపు రోజూ బెత్తెడు తెరిచి ఉంచుతుంది.

"రేపటి నుంచి శనివారాలు అత్తయ్యకు మీరు స్నానం చేయించాలి," అంది చిజురు.

కునిహికో టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు. "చూద్దాంలే, వీలైతే."

"వీలైతే అనలేదు నేను."

తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది. చెరిపేయాలనిపించింది. చెరపలేదు. కునిహికో టీవీ ఆపాడు. లోపల చేతికర్ర నేలకు తగిలిన చప్పుడైంది. అత్తగారి "పై అధికారి" మాట ఇప్పుడు మళ్లీ వస్తుందని చిజురు తల వంచుకుని కూర్చుంది.

"కునిహికో, నీళ్లు మరీ వేడిగా పెట్టకు," అంది తొమియె. తర్వాత ఆ బెత్తెడు సందునూ లోపలి నుంచి తనే మెల్లగా మూసుకుంది.