సత్యలక్ష్మి కలబంద దొంగతనం

నిర్మాత చలపతిరావు ముచ్చటపడి జూబ్లీ హిల్స్ ఇంటికి పుంగనూరు ఆవును తెచ్చుకున్నాడు గానీ, దాని ఆలనాపాలనా భార్య సత్యలక్ష్మి మీదే పడింది. ఓ రోజు ఆవు పొదుగు వాచింది. పశువుల డాక్టరు వచ్చి చూశాడు. సూక్ష్మజీవులు చేరాయనీ, ఇంకా మొదట్లోనే ఉంది కాబట్టి కలబంద, పసుపు, సున్నం కలిపి నూరి పూయమనీ, తగ్గకపోతే ఇంజెక్షన్ ఇస్తాననీ చెప్పాడు.

కలబందేమో పక్కింటి రమామణి కుండీల్లో ఏపుగా ఉంది. కార్లు పెట్టుకునే చోటు దగ్గర గొడవై ఆవిడతో మాటల్లేవు. సత్యలక్ష్మి స్టూలెక్కి, గోడ మీదుగా చెయ్యి చాచి ఓ మట్ట కోసింది. సరిగ్గా అప్పుడే రమామణి బయటికొచ్చింది.

"మా కలబంద గిట్ల దేనికి కోస్తున్నవ్ సత్యక్కా?"

"ముఖానికండీ," అనేసింది సత్యలక్ష్మి కంగారులో.

రమామణి కోపం ఎటు పోయిందో! "అయితే నాకు గూడ జర రాయి," అంటూ వచ్చి కూర్చుంది.

ఇక తప్పలేదు. సత్యలక్ష్మి గుజ్జులో పసుపు కలిపి, నవ్వాపుకుంటూ ఆవిడ ముఖానికి దట్టంగా పట్టించింది. మిగిలిన దాంట్లో సున్నం వేసి ఆవుకు పూసింది.

మర్నాడు పచ్చటి ముఖంతో మళ్లీ వచ్చిన రమామణి, ఎర్రటి పూతతో ఉన్న పొదుగునూ, పక్కనే పడున్న కలబంద తొక్కనూ చూసి ఆగిపోయింది.

"గీ ఆవు మందేనా నాకు రాసింది?"

"మీ దాంట్లో సున్నం వెయ్యలేదండీ, ముఖం పొక్కుతుందని," అంది సత్యలక్ష్మి బెదురుగా.

రమామణి పడీ పడీ నవ్వింది. వంగి పొదుగు తాకి చూసింది. వాపు మెత్తబడుతోంది.

"నా ముఖం సంగతేమో గానీ, దీనికైతే మంచిగ పనిచేసింది," అంది.