కుడివైపు కట్టిన ర్యాంపు

"ఈ ర్యాంపు ఇటెందుకుంది?"

ఇంజనీరమ్మ గొంతు వినగానే మేస్త్రి ఉలిక్కిపడి లేచాడు. ఇన్నాళ్లూ తల్లిని ఆస్పత్రిలో చూసుకుని, ఇంటికి చేర్చి, ఆమె ఆ మధ్యాహ్నమే పనిలోకి వచ్చింది. గుడి చుట్టూ ప్రదక్షిణ బాట పూర్తయింది. తెల్లారితే ప్రారంభం. రాళ్లు చక్కగా పరిచారు, చేతిపట్టు కమ్మీలు బిగించారు. ర్యాంపు మాత్రం గుడికి ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపుంది. ఆమె గీసింది ఎడమవైపు.

"పెద్దాయన ఇటు కట్టమన్నారు మేడమ్. కార్లు ఆగేది ఇటే కదా అని."

"ప్రదక్షిణ ఎటు నుంచి మొదలవుతుంది మేస్త్రీ?"

"ఎడమ నుంచి."

"ఎటు ముగుస్తుంది?"

మేస్త్రి కుడివైపు చూశాడు. తల గోక్కున్నాడు. "దిగడానికైతే బ్రహ్మాండంగా ఉంటుంది మేడమ్."

"ముందు ఎక్కితే కదా దిగేది!"

బాట నేలకు నడుమెత్తున ఉంది. ఎడమవైపు నిటారు మెట్లు. చక్రాల కుర్చీ అటు ఎక్కదు. ఇటు ఎక్కి ఎదురు తిరిగితే స్వామి ఎడమచేతికి వస్తాడు. అది అప్రదక్షిణం. ఎవరూ ఒప్పుకోరు, ఆమె తల్లి అసలే ఒప్పుకోదు.

కాళ్లు పడిపోయాక తల్లి గుడి ముఖం చూడలేదు. ఒకసారి నలుగురు కుర్చీతో సహా మోసుకెళ్తూ మెట్లమీద జారవిడిచారు. అప్పటినుంచీ ఆమెది ఒకటే మాట. "నా చేతులతో నేను తిప్పుకుంటూ వెళ్లగలిగితే వస్తాను. లేదంటే నన్నింకెప్పుడూ పిలవకండి." ఆ ఒక్క మాట కోసమే కూతురు ఈ బాట కావాలని కమిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది.

పెద్దాయన ఫోను చెవిన పెట్టుకునే వచ్చాడు. కమిటీ అధ్యక్షుడు, ఇంజనీరమ్మకు స్వయానా పెదనాన్న.

"వచ్చావా అమ్మా! ఎలా ఉంది? నీ బొమ్మకంటే బావుందా లేదా?"

"పెదనాన్నా, ర్యాంపు అటుదిటు చేశారు."

"అయితే ఏమైంది? కారు దిగడం, ఎక్కడం. వానొచ్చినా తడవరు."

"ఎక్కి ఎటెళ్లాలి?"

"ఎటేంటి..." ఆయన ఫోను చెవి నుంచి తీశాడు. కాసేపు గుడిని చూశాడు. "సరేలే, మన కుర్రాళ్లు నలుగురున్నారు. మెట్ల దగ్గర కుర్చీ ఎత్తేస్తారు. మీ అమ్మ ఎంత బరువని?"

"ఆ మాట ఆవిడతో మీరే అనండి."

ఆయన గబుక్కున ఫోను మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

మెట్లమీద చెక్కబల్ల వేసి చూశారు. గుడి ఆఫీసులోని చక్రాల కుర్చీ తెప్పించి మేస్త్రి తనే కూర్చున్నాడు. సగం ఎక్కకముందే వెనక్కి దొర్లి ఇసుకలో పడ్డాడు. "నాకేం కాలేదు మేడమ్," అన్నాడు లేస్తూ. ఎవరూ అడగలేదు.

గోల విని పూజారి బయటికొచ్చాడు. సంగతంతా విని తేలిగ్గా నవ్వాడు. "ఎక్కడ మొదలుపెడితేనేం తల్లీ? స్వామి కుడిచేతి వైపుండాలి, చుట్టు పూర్తి కావాలి. ఈ ర్యాంపే ఎక్కి, గుడి ఎదురుగా సాగి, ఎడమకి వెళ్లమనండి. తిరిగొచ్చి ఇక్కడే దిగుతారు."

"ఎదురుగా ఎలా సాగుతారు పంతులుగారూ? దాన్ని చూశారా?"

గుడి ఎదుట, ర్యాంపుకూ మెట్లకూ మధ్య, బాట మీదే ఒక అరుగు లేచింది. ఆమె బొమ్మలో అది లేదు. అరుగు మీద నిలువెత్తు శిలాఫలకం, దానికి పట్టుగుడ్డ ముసుగు. మేస్త్రి గుడ్డ అంచు ఎత్తి చూపించాడు. పెదనాన్న పేరు వీధిలోంచి కనిపిస్తుంది. స్వామి పేరు కావాలంటే వంగి వెతుక్కోవాలి. నడిచేవాళ్లు పక్కనుంచి ఒదిగి పోవచ్చు. చక్రాలు పట్టవు.

"దాని జోలికి మాత్రం రాకు," అన్నాడు పెద్దాయన. "రేపు పెద్దవాళ్లొచ్చి ముసుగు తీస్తారు."

"గోడకి పెట్టుకోవచ్చుగా?"

"గోడకి పెడితే ఎవడు చూస్తాడు?"

"జనం వచ్చేది దేవుణ్ని చూడ్డానికి పెదనాన్నా."

"నోరు బాగా లేచింది. అచ్చం మీ నాన్న."

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. డ్రైవరు కుర్చీ దింపాడు, అందులో తల్లి. "ఫోను ఎత్తవేమే? ఎత్తలేదంటేనే ఏదో తగలడిందని తెలిసింది," అంటూ చక్రాలు తిప్పుకుంటూ ర్యాంపెక్కింది. స్వామిని కుడిచేతి వైపు ఉంచుకుని గుడి ఎదురుగా సాగింది. అరుగు దగ్గర ఆగిపోయింది. ముసుగును ఎగాదిగా చూసింది.

"ఇదెవరి సమాధి బావగారూ?"

"అవేం మాటలమ్మా, శుభమా అని!"

"తీసేదాకా ఇక్కడే ఉంటాను. మీరు పని చూసుకోండి."

సాయంత్రం జనం రావడం మొదలైంది. ప్రారంభం రేపని చెబితే వినేదెవరు? కొత్త బాట కనబడగానే మెట్లెక్కి నడిచారు. చుట్టు తిరిగి అరుగు దగ్గరికొచ్చిన మొదటావిడ ఆగింది. పట్టు ముసుగు. ఎత్తయిన అరుగు. ఎదుట కదలకుండా కూర్చున్న పెద్దావిడ. చేతిలోని పూలు అరుగు మీద పెట్టి దణ్ణం పెట్టుకుంది. వెనకున్నావిడ కర్పూరం వెలిగించింది. మరొకాయన చెంపలేసుకుని అరుగు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

"ఏ దేవుడమ్మా?" అని తల్లినడిగారెవరో.

"కొత్తగా వెలిశాడు. రేపు ముసుగు తీస్తారట."

పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. "ఆగండి! ఆపండి! అది దేవుడు కాదు, నేను!"

జనం ఆయన్ని చూశారు, ముసుగును చూశారు. ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. ఇంకొకరు ఫోను పైకెత్తారు.

"రేపు పేరు కూడా కనబడుతుంది కాబట్టి," అన్నాడు పూజారి మెల్లగా, "అర్చన చెయ్యడానికి సులువు."

పెద్దాయన ముఖం జేవురించింది. "మేస్త్రీ! తియ్ దాన్ని!"

"ఎక్కడ పెట్టమంటారు సార్?"

"చెప్పుల స్టాండు పక్కన పెట్టు! ఎక్కడైనా తగలెట్టు!"

పలకను దించి, అరుగు పగలగొట్టి, పెళ్లలు ఎత్తిపోసి, గుంటలో సిమెంటు పూసి, దానిమీద ఎత్తుగా చెక్కబల్ల వేశారు. తల్లి బల్ల దాటింది. ఎడమ మలుపు తిరిగింది. కూతురు కుర్చీ వెనక పిడి పట్టుకోబోయింది.

"తియ్యవే చెయ్యి."

తీసింది. గుడి వెనక మలుపులో తల్లి ఆగింది. రొప్పు తగ్గేదాకా శిఖరం వైపు చూస్తూ ఉండిపోయింది. మళ్లీ చక్రాలు కదిలాయి. చుట్టు పూర్తయి ర్యాంపు దగ్గరికొచ్చారు.

"దిగుదామా అమ్మా?"

"ఇంకో రెండున్నాయి."

"చేతులు నొప్పెట్టవూ?"

"నీ చేతులా?" అని తల్లి ఆగకుండా ముందుకు సాగింది. ఈసారి జోరు కాస్త ఎక్కువైంది.

"అమ్మా, బల్ల మీదుగా! బల్ల మీదుగా వెళ్లు!"

ఒక చక్రం బల్లెక్కింది, రెండోది పచ్చి సిమెంటులోంచి గాడి చీల్చుకుంటూ పోయింది. ఇంజనీరమ్మ నుదురు కొట్టుకుని మేస్త్రి వైపు తిరిగింది.

మేస్త్రి అప్పటికే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "ఆవిడ మూడో చుట్టు అయ్యేదాకా నేను దాన్ని ముట్టుకోను మేడమ్."