మాణిక్యం పేరు మీద

2004 వేసవిలో ఒక ఆదివారం తాతాజీ నరసాపురం వెళ్లాడు. అతనికి పాలకొల్లులో ఎరువుల కొట్టు ఉంది. రెండు మూడు నెలలకోసారి అక్క రత్నమాణిక్యాన్ని చూసి రావడం అలవాటు. ఎప్పుడెళ్లినా కూర్చోగానే కాఫీ ఇచ్చే మనిషి, ఆ రోజు నిమ్మకాయ నీళ్లు కలిపి తెచ్చింది.

"కాఫీ మానేశావా ఏంటక్కా?"

"పాలు మానేశాన్రా. బ్యాంకులో పడే వడ్డీ తగ్గిపోయింది కదా. ఏదో ఒకటి మానాలి."

ఆ మాట మామూలుగానే అని, పక్కన పెట్టిన లేసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. తాతాజీ మాత్రం తాగుతున్న గ్లాసు కింద పెట్టేశాడు.

మాణిక్యం భర్త లారీ ప్రమాదంలో పోయి పదిహేనేళ్లు దాటింది. పిల్లల్లేరు. నరసాపురం చుట్టుపక్కల ఎందరో ఆడవాళ్లలాగే లేసు అల్లుకుని బతుకుతోంది. ఏజెంటు దారం తెచ్చిస్తాడు, అల్లినదానికి కూలి కడతాడు. ఆ కూలి దేనికీ చాలదని తెలిసే, వాళ్లమ్మ తన పసుపు కుంకుమ కింద వచ్చిన భూమి అమ్మి, ఆ డబ్బు బ్యాంకులో వేసి, నెలనెలా వడ్డీ కూతురి ఖాతాలో పడేలా ఏర్పాటు చేసి పోయింది. అసలు మాత్రం కొడుకులిద్దరి పేరునా పెట్టింది. కూతురి పేర ఉంటే ఆమె మరుదులు వచ్చి అడుగుతారని భయం. ఒక్క కొడుకు పేర ఉంటే రెండోవాడు ఏమనుకుంటాడోనని ఇంకో భయం. అందుకని ఆ డబ్బు కదలాలంటే ఇద్దరి సంతకాలూ పడాల్సిందే.

మర్నాడు తాతాజీ కొట్టు తెరవకుండా బ్యాంకుకి వెళ్లాడు. అక్కడి ఆఫీసరు దుర్గాశ్రీ అనే చిన్నమ్మాయి, కంప్యూటరులో చూసి ఓపిగ్గా చెప్పింది.

"ఈ ఖాతా మీద వడ్డీ ఎక్కువిస్తామండి. కానీ అందులో ఉండాల్సిన కనీస మొత్తం మొన్న ఏప్రిల్ నుంచి పెంచారు. అంతకన్నా తక్కువున్నవాళ్లకి నెలనెలా ఛార్జీ పడుతుంది. మీదానికీ పడుతోంది, మీ అక్కగారి ఖాతాకీ పడుతోంది."

"అంటే వడ్డీ ఇచ్చేదీ మీరే, తీసుకునేదీ మీరేనన్నమాట."

ఆ అమ్మాయి ఇబ్బందిగా నవ్వింది. "మీలాంటివాళ్లకి ఈ ఖాతా ఇప్పుడు లాభం కాదండి. నన్నడిగితే వేరే చోట్లు కూడా కనుక్కుని మార్చుకోండి. కాకపోతే మీ అన్నగారు కూడా రావాలి."

చిక్కంతా అక్కడే ఉంది. తాతాజీకీ, అతని అన్న దొరబాబుకీ ఆరేళ్లుగా మాటల్లేవు. ఉమ్మడి చేను పంచుకున్నాక మధ్యలో ఉన్న నీటిబోదె ఎవరిదన్న దగ్గర మొదలైన గొడవ, ఒకరి ఇంటి పెళ్లికి ఇంకొకరు వెళ్లనంత దూరం పోయింది. ఆ చేను ఇద్దరూ అమ్మేసుకున్నా గొడవ మాత్రం మిగిలింది.

దొరబాబు రావులపాలెం దగ్గర అరటి పండిస్తాడు. తాతాజీ వెళ్లేసరికి గెలలు కొట్టించి వ్యానుకెక్కిస్తున్నాడు. తమ్ముణ్ని చూసి పని ఆపలేదు. వ్యాను నిండేదాకా తాతాజీ గట్టు మీదే నిలబడ్డాడు.

"అక్క పని మీద వచ్చాను," అన్నాడు చివరికి. "పాలు కొనుక్కోవడం మానేసింది."

సంగతంతా విని దొరబాబు బోరు దగ్గర చేతులకంటిన అరటి జిగురు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఆ జిగురు కడిగితే పోయేది కాదని ఇద్దరికీ తెలుసు.

"ఎప్పుడెళ్దాం?" అన్నాడు.

గురువారం కలిశారు. ఒకరు బస్సులో, ఒకరు స్కూటరు మీద వచ్చారు. ముందు పాలకొల్లులో కొత్తగా తెరిచిన ఒక సొసైటీకి వెళ్లారు. అక్కడ పదకొండు శాతం ఇస్తామన్నారు, ఛార్జీలేమీ లేవన్నారు, కూల్‌డ్రింకు కూడా తాగించారు. తాతాజీకి అది నచ్చింది. తర్వాత నరసాపురంలో ఒక ప్రభుత్వ బ్యాంకు. సేవింగ్సు ఖాతా మీద మూడున్నర శాతం, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, కొద్దిపాటి మొత్తం ఉంచితే ఛార్జీ పడదు. అది విని ఇద్దరూ పెదవి విరిచారు. ఆఖరున పోస్టాఫీసు. పోస్టుమాస్టరు అమ్మిరాజుగారు నెలనెలా ఆదాయం వచ్చే పథకం గురించి వివరంగా చెప్పారు. ఎనిమిది శాతం వడ్డీ, గడువు ఆరేళ్లు, ఈలోగా తీస్తే కొంత కోత పడుతుంది.

దొరబాబు తమ్ముడి వంక చూడకుండా పోస్టుమాస్టరుతో అన్నాడు. "నాకిది బాగుందండి. గవర్నమెంటుది. ఆయన్ని కూడా అడగండి."

"పదకొండు వస్తుంటే ఎనిమిదికి ఎందుకండి, ఆయన్నే చెప్పమనండి," అన్నాడు తాతాజీ, అతనూ పోస్టుమాస్టరుతోనే.

"సొసైటీ వాళ్లు కూల్‌డ్రింకు ఎవరి డబ్బుతో ఇచ్చారో కనుక్కోమనండి."

అమ్మిరాజుగారు కళ్లజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఇంతకీ మీరిద్దరూ ఏమవుతారండి?"

"అన్నదమ్ములమండి," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మధ్యాహ్నం మాణిక్యం ఇంటికి చేరారు. ఇద్దరూ కలిసి గుమ్మంలో నిలబడితే ఆవిడ ఒక్క క్షణం గుర్తుపట్టనట్టు చూసి, తర్వాత గబగబా చాప పరిచింది. అన్నం తిన్నాక వాదన మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఇద్దరూ ఆవిడతో మాట్లాడుతున్నారు. ఎనిమిదికీ పదకొండుకీ నెలకి ఎంత తేడా వస్తుందో తాతాజీ వేళ్ల మీద లెక్కకట్టి చెప్పాడు. అసలు పోతే వడ్డీ ఎక్కడిదని దొరబాబు అడిగాడు. మాణిక్యం ఇద్దరి మాటలూ పూర్తిగా వింది.

"మీరు చెప్పిన మూడింట్లో మధ్యలో నాకు అవసరం పడితే తీసుకోగలిగేది ఏది?" అని అడిగింది.

"అసలు నువ్వు ముట్టుకోకూడదే. అది అమ్మ పెట్టింది," అన్నాడు దొరబాబు.

"నాకోసమే కదన్నయ్యా పెట్టింది?"

"నీకోసమే. అందుకే మేం చూస్తున్నాం."

మాణిక్యం ఒడిలో ఉన్న లేసు మడిచి పక్కన పెట్టింది. "మూడేళ్ల క్రితం రాజమండ్రిలో నాకు ఆపరేషనైంది. ఇద్దరూ వచ్చి చూశారు. ఒకరు వెళ్లాక ఇంకొకరు వచ్చారు. ఆసుపత్రిలో ఎంతైందో, ఎలా కట్టానో ఇద్దరిలో ఎవరూ అడగలేదు."

"ఎలా కట్టావక్కా?"

"అమ్మ గాజులు అమ్మాను."

దొరబాబు కళ్లు ఆవిడ చేతుల మీద పడ్డాయి. తర్వాత నేల మీద పడ్డాయి.

"మాకు చెప్పొచ్చు కదే," అన్నాడు.

"ఎవరికి చెప్పను? నిన్నడిగితే తాతాజీ సంతకం కావాలి. వాణ్ని అడిగితే నీ సంతకం కావాలి. మీ ఇద్దర్నీ కలపడానికి నా జబ్బు వాడుకోవాలనిపించలేదు." ఆవిడ గొంతు పెంచలేదు. "మా మరుదులు ఊరొదిలిపోయి పదేళ్లయింది. అమ్మ ఎవరికి భయపడి నా పేర పెట్టలేదో వాళ్లే లేరు. ఆ డబ్బు నా పేరు మీదకి మార్చేయండి. ఎక్కడ వేసుకోవాలో నేను చూసుకుంటాను."

"అంటే మా మీద నమ్మకం లేదటే?"

"నమ్మకం ఉంది. మీరిద్దరూ ఒకేసారి దొరుకుతారన్న నమ్మకం మాత్రం లేదు."

దొరబాబు కండువా దులుపుకుని లేచి బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి తాతాజీ వెతుక్కుంటూ వెళితే, గోదావరి దాటించే పంటు ఆగే రేవు దగ్గర కనిపించాడు. అవతలి ఒడ్డు నుంచి సైకిళ్లతో, చేపల బుట్టలతో జనం దిగుతున్నారు. తాతాజీ వెళ్లి అన్న పక్కన నిలబడ్డాడు.

"ఆ చేతులు నువ్వు చూశావా?" అన్నాడు దొరబాబు, నీళ్ల వైపే చూస్తూ.

"చూశాను. గాజులు దాచుకుందనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను." కొంచెం ఆగి మళ్లీ అన్నాడు. "ఆ రోజు ఆసుపత్రిలో నేను గంట ముందు లోపలికి వచ్చుంటే నువ్వు కనపడేవాడివి. నీ స్కూటరు బయట చూసి, నువ్వెళ్లేదాకా టీకొట్టులో కూర్చున్నాను."

తాతాజీ జేబులోంచి స్కూటరు తాళం తీశాడు. "ఇప్పుడు పద అన్నయ్యా," అన్నాడు. "బ్యాంకు మూసేస్తారు."

ఆ రోజు మూసేశారు. సోమవారం ముగ్గురూ కలిసి వెళ్లారు. అన్నదమ్ములు పక్కపక్కన సంతకాలు పెట్టి ఖాతా మూయించారు. డబ్బంతా చేతికి వచ్చాక మాణిక్యం సగం పైగా పోస్టాఫీసులో, మిగతాది తన వీధి చివరున్న ప్రభుత్వ బ్యాంకులో వేసుకుంది.

"దాని మీద మూడున్నరే అక్కా," అని తాతాజీ ఊరుకోలేక గుర్తుచేశాడు.

"తెలుసురా. ఎవర్నీ అడగకుండా తీసుకోగలిగితే, ఆ మాత్రం వడ్డీ పోతే పోయింది."

వాటికి నామినీ పేర్లు రాయమన్నప్పుడు మాత్రం కాసేపు ఆలోచించింది. ఒకదానికి దొరబాబు కూతురు హేమశ్రీ పేరు, ఇంకోదానికి తాతాజీ కొడుకు కిరణ్ పేరు చెప్పింది. అన్నదమ్ములిద్దరూ గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు.

వాళ్లిద్దరి మధ్యా అంతా సర్దుకుందని చెప్పలేం. బోదె మాట వస్తే ఇప్పటికీ ఎవరి వాదన వాళ్లదే. కానీ ఫోను చేసుకుంటున్నారు. శ్రావణంలో హేమశ్రీ ఓణీల వేడుకకి తాతాజీ పెళ్లాంతో సహా వెళ్లి, రెండు రోజులుండి వచ్చాడు.

దసరా తర్వాత ఒకసారి దొరబాబు అరటిగెల పట్టుకుని నరసాపురం వచ్చాడు. చెల్లెలి ఇంట్లో ఓ మూల కొత్త దారం పెట్టెలు పేర్చి ఉన్నాయి. పక్కింటి పాపాయి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వసారాలో కూర్చుని అల్లుతున్నారు. దారం ఏజెంటు దగ్గర కాకుండా తామే కొనుక్కుంటున్నారని, సరుకు నేరుగా షాపుకి వేస్తున్నారని అర్థమైంది. ఎంత తీశావే, అసల్లో ఎంత మిగిలింది, వాళ్లు సరిగ్గా డబ్బిస్తున్నారా అని అడగాలని ఆయన నోటిదాకా వచ్చింది.

గెల దించి గోడకి ఆనించాడు.

"కూరేంటమ్మా ఇవాళ?" అన్నాడు.