అక్కయమ్మ చెయ్యి

నీలం బకెట్టు అంచు లోపల తెల్లగా చార కట్టి ఉంది. పిళ్ళప్ప దాన్ని గోరుతో గీకి వాసన చూశాడు. చూసినవాడు చూసినట్టే పశువుల కొట్టం ముందర చతికిలబడ్డాడు. అది టమాటాకు కొట్టే మందు. చింతామణి నుంచి తనే తెచ్చాడు, తనే కలిపాడు.

నెల కిందట అతని ఇంట్లో పట్టుపురుగులన్నీ ఒక్క పూటలో చచ్చాయి. నాలుగో జ్వరం దాటిన పురుగులు, అంటే నాలుగోసారి చర్మం విడిచి, ఇక గూడు కట్టేదాకా విడవకుండా మేసేవి. తలలు అటూ ఇటూ ఆడించి, పచ్చగా కక్కుకుని, తట్టల్లోనే ముడుచుకుపోయాయి. దిబ్బూరహళ్ళి చుట్టుపక్కల పిళ్ళప్పలాగా పురుగు సాకేవాడు లేడని పేరు. ఆ పేరును అందరికన్నా గట్టిగా నమ్మినవాడు పిళ్ళప్పే. అలాంటివాడి ఇంట పురుగు పోయిందంటే తప్పు ఇంకెవరిదో అయి ఉండాలి గదా! మర్నాడు పొద్దున పాల డెయిరీ ముందర, ఊరంతా క్యాన్లు పట్టుకుని నిలబడి ఉండగా, "ఆకు కోసేదానికి అక్కయమ్మను పెట్టుకుంటిని. ఆ యమ్మ చెయ్యి తగిలితే పురుగు బతకదప్పా," అనేశాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. పురుగు సాకేవాళ్లకు అసలే భయాలెక్కువ. మైల అంటారు, దిష్టి అంటారు, కొత్త మనిషిని గది గడప తొక్కనివ్వరు. ఆ మాట చెవిన పడ్డాక అక్కయమ్మను ఆకు కోతకు పిలిచినవాడు లేడు. మొగుడు పోయిన మనిషి, చిన్న మనవరాలిని సాకుతోంది. ఇప్పుడు పొరుగూరికి నడిచిపోయి రాళ్లు మోస్తోంది.

కోసిన మల్బరీ ఆకు వాడిపోకుండా కుప్ప మీద తడి గోనెసంచి కప్పుతారు. ఆ రోజు సంచిని తడిపి కప్పింది పిళ్ళప్పే. పొద్దున మందు కలిపిన ఈ బకెట్టులోనే, ఒక్కసారి పైపైన కడిగి, నీళ్లు పట్టి తడిపాడు. ఇప్పుడంతా గుర్తొస్తోంది.

'ఎవరూ చూడలేదు.' మనిషి చెడ్డవాడు కాదు గానీ మొదట వచ్చిన ఆలోచన మాత్రం అదే. బకెట్టును పేడదిబ్బ వెనక్కి తోసేశాడు.

పిళ్ళప్ప ఎనిమిదేళ్లుగా ప్రభువును నమ్ముకున్నవాడు. ఊళ్లో రేకుల షెడ్డులో నడిచే ప్రార్థనకు సంఘ పెద్ద. తగ్గింపు గురించి, అంటే దేవుని ముందర వినయం గురించి, అతను మాట్లాడితే ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. ఆ మాటలే ఇప్పుడు పురుగుల్లాగా లోపల తొలుస్తున్నాయి. ముద్ద మింగుడు పడదు. వాకిట్లో ఎవరైనా చెంబు కింద పెట్టినా పేడదిబ్బ వైపు చూస్తాడు.

"ఆ నీలం బకెట్టు యాడ పెట్టినావు?" అని భార్య సుజాతమ్మ మామూలుగానే అడిగింది.

"నాకేం తెలుసు! అన్నిటికీ నన్నే అడుగుతావేమి?" అని కసిరాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇలాగే ఉంటుంది. సుజాతమ్మ అతన్ని వింతగా చూసింది. రెండు రోజులు ఓర్చుకుని, మూడోనాడు తనే ఆమెతో అంతా చెప్పేశాడు.

ఆదివారం సాక్ష్యాల వేళ పిళ్ళప్ప లేచి నిలబడ్డాడు. చెమటలు కారుతుండగా బకెట్టు సంగతీ, అక్కయమ్మ మీద వేసిన నిందా చెప్పుకుని ఏడ్చాడు. షెడ్డంతా "స్తోత్రం! స్తోత్రం!" అంది. పాస్టరు అమరనాథ్ వచ్చి కౌగిలించుకుని, "ఇదీ తగ్గింపంటే! మన సంఘానికే మాదిరి ఈ మనిషి," అన్నాడు. పిళ్ళప్ప గాలిలో తేలుతూ ఇంటికొచ్చాడు. ఆకలి కూడా వేసింది. రెండో సంగటి ముద్ద అడిగాడు.

సుజాతమ్మ వడ్డించలేదు. "అక్కయమ్మ మన ప్రార్థనకు వస్తాదా?" అంది.

"రాదు."

"పురుగు సాకేవాళ్లలో మన ప్రార్థనకు వచ్చేవాళ్లు ఎవరుండారు?"

"ఎవరూ లేరు. నేను దేవునికి చెప్పుకున్యా."

"దేవునికి ముందే తెలుసు. ఆ యమ్మను నువ్వు తిట్టింది డెయిరీకాడ గదా!"

పిళ్ళప్ప కంచం పక్కకు జరిపాడు. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లి మెప్పు మూటగట్టుకుని వచ్చాడు. ఆ మెప్పు తియ్యగా కూడా ఉండింది. సిగ్గేసింది. డెయిరీ దగ్గర స్తోత్రం అనేవాళ్లుండరు. అక్కడ వెంకటరాయప్ప ఉంటాడు. పురుగు సాకడంలో పదేళ్లుగా పోటీ, దొరికితే వదలడు. అతని ముందర చెప్పుకోవడం కన్నా ఇంకోసారి పురుగులు చచ్చినా మేలేనేమో అనిపించింది.

సోమవారం పొద్దున క్యాను పట్టుకుని వెళ్లాడు. తన వంతు వచ్చినా ఇద్దరిని ముందుకు పోనిచ్చాడు. పావు లీటరు కోసం చెంబు పట్టుకుని అక్కయమ్మ గోడవారన ఒంటరిగా నిలబడి ఉంది. ఆమెను చూసి పిళ్ళప్ప క్యాను కింద పెట్టాడు.

"అప్పా, ఒక మాట వినండి. ఆ పొద్దు నా పురుగు చచ్చింది అక్కయమ్మ వల్ల కాదు. మందు కలిపిన బకెట్టులో నేనే గోనెసంచి తడిపి ఆకు మీద కప్పినా. ఈ యమ్మ మీద అబద్ధం చెప్పినా."

వెంకటరాయప్ప పగలబడి నవ్వాడు.

"అంటే నీ పురుగుకు నువ్వే మందు కొట్టుకున్యావా! మాకందరికీ బుద్ధులు చెప్పేటోడివి!"

అందరూ నవ్వారు. ఆ రోజు జ్వరంగా ఉండిందని, తెల్లారుజాము నుంచి చేలోనే ఉన్నానని చెప్పుకోవాలని పిళ్ళప్ప నాలుక కొస దాకా వచ్చింది. మింగేశాడు.

"అవునప్పా," అన్నాడు.

నవ్వి నవ్వి వెంకటరాయప్ప గోడ వైపు తిరిగాడు. "అమ్మా, రేపట్నించి మా తోటకు రా. ఆకు ముదిరిపోతాండాది." పురుగు సాకే ఇంకో రైతు మునికృష్ణప్ప కూడా పిలిచాడు. ఇంకొకరు బుధవారం అన్నారు.

పిళ్ళప్ప కొత్త పురుగులు నాలుగో జ్వరంలో, మేత మానేసి పడుకుని ఉన్నాయి. ఎల్లుండికి లేస్తాయి. లేస్తే రోజుకు ఐదుసార్లు ఆకు వేయాలి, ఇంట్లో కోసే చేతులు చాలవు. తల వంచుకునే ఆమె దగ్గరికి వెళ్లాడు.

"తప్పు నాదమ్మా. మా ఇంటికి... వస్తావా?"

అక్కయమ్మ చెంబు చంకలో పెట్టుకుని, రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది.

"నెల దినాలప్పా. ఈ చేతిలో నిజంగానే ఏమన్నా ఉండాదేమో అని చూసుకుంటాంటిని. మనవరాలికి ముద్ద కలిపి పెట్టేదానికి కూడా భయపడితిని."

పాలు పోయించుకుని వెళ్లిపోయింది. పిళ్ళప్ప మళ్లీ అడగలేదు.