అక్క కోసం ఉంచిన కుర్చీ

స్తోయంకకి దారి తెలియదు. తెలియకపోవడం తప్పేం కాదు గానీ, తమ్ముడు రదివోయె వేసవంతా చెబుతూనే ఉన్నాడు, ఆవిడే చెవిన పెట్టలేదు.

"గురువారం సాయంత్రం అక్కా, ఉజిత్సె టౌన్లోనే. తాగుడు మానినవాళ్ళం అందరం కూర్చుని మాట్లాడుకుంటాం. ఇంటి మనిషి ఒకరు పక్కన ఉండాలి, అది అక్కడి పద్ధతి. నాకు నువ్వు తప్ప రాగలిగేవాళ్ళెవరున్నారు?"

"తాగుబోతుల మధ్య నేను కూర్చోవాలట! ఎవరైనా చూస్తే?" అని ఈవిడ చిక్కుళ్ళు ఒలుచుకుంటూ ఉండిపోయేది. బస్సెక్కి కూర్చుంటే చాలు, టౌను వస్తుంది. ఆ మాత్రం కూడా చెయ్యలేదు మహాతల్లి.

ఇప్పుడు వాడు మళ్ళీ తాగుతున్నాడు. పొద్దున మంచం పక్కన నిలబడి, "ఎక్కడరా ఆ చోటు? లే, నేనూ వస్తా" అంటే, గోడవైపు తిరిగి పడుకుని "మర్చిపోయానక్కా" అన్నాడు. ఇవాళ గురువారమే, అందుకని ఒక్కతే బయలుదేరింది. వాణ్ణి మళ్ళీ చేర్చుకుంటారో లేదో అడగాలి. ఇలాగే తాగితే ఈ చలికాలం దాటడని డాక్టరు మొహం మీదే చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

టౌన్లో సన్నగా వాన. పరువు ఇంకా చావలేదు కదా, రొట్టెల కొట్లోకి వెళ్ళి, "ఇక్కడెక్కడో సాయంత్రాలు కుట్టుపని నేర్పుతారటగా?" అని అడిగింది.

కొట్టు ఆవిడ పిండి చేతులు దులుపుకుంది. "కుట్టుపనా? గురువారాలా?" అని పైనుంచి కిందికి చూసి, గొంతు తగ్గించింది. "మొగుడా, కొడుకా?"

స్తోయంక తలగుడ్డ సవరించుకుంది. "తమ్ముడు."

"ఫైరింజన్ల షెడ్డు పైన, పచ్చ తలుపు. నేనూ మా ఆయనతో ఆ కుట్టుపనికే పోయేదాన్నిలే. సిగ్గెందుకమ్మా, ఈ వీధిలో సగం మంది అక్కడే కుట్టించుకున్నారు."

మెట్లెక్కుతుంటే, వేసవి చివర్లో, అమ్మ చనిపోయిన నలభయ్యో రోజున జరిగింది కళ్ళ ముందుకు వచ్చింది. సమాధి దగ్గర కొవ్వొత్తి, ఉడికించిన గోధుమలు, రొట్టె, ప్లమ్ పళ్ళ సారా. ఒక్క చుక్క మట్టి మీద ఒలికించి, చనిపోయినవాళ్ళ ఆత్మశాంతి కోసం మిగతాది తాగాలి. అక్కడ మనం తాగింది వాళ్ళకి చేరుతుందని నమ్మకం. అప్పటికి రదివోయె వసంతం నుంచీ చుక్క ముట్టలేదు. గ్లాసు మొత్తం మట్టిలో వంపబోయాడు. మేనత్తలు ముఖాలు చూసుకున్నారు. స్తోయంక వాడి మణికట్టు పట్టుకుంది.

"అమ్మని దాహంతో పంపిస్తావా? అందరూ చూస్తున్నారు. ఒక్క గ్లాసేగా!"

వాడు అక్క ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. ఆవిడ చెయ్యి వదల్లేదు. వాడు తాగాడు. ఆ ఒక్క గ్లాసూ ఇంకా అయిపోలేదు.

పచ్చ తలుపు వెనక గుండ్రంగా కుర్చీలు, జంటలు జంటలుగా మనుషులు. రెండు కుర్చీలు మాత్రం పక్కపక్కన ఖాళీగా ఉన్నాయి. గ్వోజ్దెన్ అనే ముసలాయన లేచి నిలబడ్డాడు. రైళ్ళు నడిపి రిటైరైన మనిషి, ఈ గుంపుకి పెద్ద ఆయనే.

"ఎవరి తాలూకమ్మా?"

"రదివోయె అక్కని."

గదిలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. గ్వోజ్దెన్ ఆ ఖాళీ కుర్చీల్లో రెండోదాన్ని చూపించాడు. "కూర్చోండి. అది మీదే. వాడు వచ్చినప్పుడల్లా దాని మీద టోపీ పెట్టి ఉంచేవాడు. ఎవరైనా కూర్చోబోతే, 'మా అక్కది, బస్సు ఆలస్యమైనట్టుంది' అనేవాడు. వేసవంతా అదే మాట. మేమూ అవునవును అనేవాళ్ళం."

స్తోయంక కూర్చోలేక కూర్చుంది. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. "గ్లాసు నేనే ఇచ్చానయ్యా. ఈ చేత్తోనే."

"ఇంటివాళ్ళు వినండి," అన్నాడు గ్వోజ్దెన్. "ఒక్కసారైనా మీ చేత్తో గ్లాసు అందించనివాళ్ళెవరో చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. పక్కనున్న లావుపాటావిడ తన చేతిరుమాలు స్తోయంక ఒళ్ళో పెట్టింది.

"వాణ్ణి మళ్ళీ రానిస్తారా?"

"వాడి పేరు ఎవరు కొట్టేశారని? కానీ వాడి కాళ్ళతో వాడే రావాలి. మీరు మోసుకొస్తే కుదరదు."

"రాకపోతే?"

గ్వోజ్దెన్ తన కుర్చీలో కూర్చున్నాడు. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. "మీరు రండి," అన్నాడు. "మాకు తెలిసింది అంతే."

అంతకంటే పెద్ద మాటేదో చెబుతాడని ఆశపడి వచ్చింది ఆవిడ. వాడు గోడవైపు తిరిగి పడుకునే ఉంటాడు ఇప్పుడు, పొయ్యి కూడా ఆరిపోయి ఉంటుంది. లేచి వెళ్ళిపోదామనుకుంది, లేవలేదు.

తలుపు తెరుచుకుని, తడిసిపోయిన కొత్త మనిషి ఒకడు పెళ్ళాం వెనకే బెరుగ్గా లోపలికొచ్చాడు. చుట్టూ చూసి స్తోయంక పక్క కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"ఇక్కడెవరైనా ఉన్నారాండీ?"

స్తోయంక తలగుడ్డ విప్పి ఆ కుర్చీ మీద పరిచింది.

"మా తమ్ముడిదండీ," అంది. "బస్సు ఆలస్యమైనట్టుంది."