లక్క మెరుపు

"కింద ఏదన్నా వెయ్యి, మొద్దూ!" అని అత్తగారు అరవకముందే కోడలు భోజనాల బల్లమీద చెక్క పలక వేసేసేది. వేడి గిన్నె దిగేలోపు పలక, చల్లటి గ్లాసు దిగేలోపు గుడ్డముక్క. ఎవరి చేతినుంచి నీటిచుక్క జారినా పరుగున వచ్చి తుడవడం. మధ్యలో తను తిన్నదో లేదో ఎవరికీ పట్టేది కాదు.

ఆ బల్లకు పీయూ పూత వేయిద్దామని, వేడికీ తడికీ అదే తట్టుకుంటుందని బల్ల చేయించినప్పుడే ఆమె చెప్పింది. "ఆ ప్లాస్టిక్ పూతా? నీ మొహం! లక్క పాలిష్ మెరుపు గురించి నీకేం తెలుసు?" అన్నాడు భర్త. మెరిసింది, కాదనడానికి లేదు. మొదటి వారంలోనే టీ కప్పు తెల్లటి మచ్చ వేసింది. ఎవరి కంటా పడకముందే ఆమె నానా తంటాలూ పడి దాన్ని పోగొట్టింది. అప్పటినుంచి కాపలా ఆమెది, వచ్చినవాళ్ల మెప్పు ఆయనది.

ఇప్పుడు వంటింటి గట్టుకి చెక్క బిగించారు. "దీనికీ లక్కే వేసెయ్. మా బల్ల చూడు, ఎక్కడన్నా మచ్చ ఉందేమో!" అంటూ ఆయన వడ్రంగిని భోజనానికి కూర్చోబెట్టాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. గట్టంటే పొద్దస్తమానం వేడీ తడీ. బల్ల కాపలాకే తన నడుము విరిగింది, ఇక ఆ గట్టును తుడుస్తూ ఈ జన్మంతా వెళ్లబుచ్చాలా? వీళ్లకు ఎలాగైనా బుద్ధి చెప్పాలనిపించింది. అలా అనిపించాక మనసు ఎంత హాయిగా ఉందో!

పలకలన్నీ అలమారలో పెట్టి తాళం వేసింది. పొగలు కక్కే గిన్నెలు తెచ్చి బల్లమీద నేరుగా దించింది. అత్తగారు నోరు తెరిచేలోపే కుర్చీ లాక్కుని, అందరితోపాటు వడ్డించుకుంది. గ్లాసు ఒలికింది. ఆమె లేవలేదు.

గిన్నె ఎత్తితే కింద పళ్లెమంత తెల్ల మచ్చ. ఆయన రుమాలుతో రుద్దాడు, చొక్కా చేత్తో రుద్దాడు. పోలేదు.

"ఏం చేశావే బల్లని?"

"ఏమీ చెయ్యలేదండీ. ఇన్నాళ్లూ చేసేదాన్ని, ఇవాళ మానేశాను." ఆమె ఇంకో ముద్ద కలుపుకుంటూ వడ్రంగి వైపు తిరిగింది. "గట్టుకి పీయూ వెయ్యి, బాబూ. లేదు, లక్కే వెయ్యాలని పట్టుబడితే, తుడిచే గుడ్డ ఈయన చేతికివ్వు."